సూది గదిలో జవాబు చెప్పకూడదు

ముందుగా ఒక మాట

కొత్తగా చేరే స్కాన్ టెక్నీషియన్ల కోసం నా అనుభవాలు రాసిమ్మని మా ఆసుపత్రి వాళ్ళు అడిగారు. "రెండు పేజీలు చాలు మేడం" అన్నారు. రెండు పేజీల్లో సరిపెట్టాలంటే మంచి మాటలే రాయాలి. చెడ్డవి రాయడానికి ఎక్కువ చోటు పడుతుంది. కాబట్టి ఇది కాస్త పొడుగే అవుతుంది, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

నా పేరు పద్మావతి. మాది కొలకలూరు. బాపట్లలో ఉద్యోగం మొదలుపెట్టి తెనాలిలో ముగించాను. నేను డాక్టర్ని కాను, నర్సుని కూడా కాను. పేషెంట్లు మాత్రం సర్వీసంతా నన్ను "నర్సమ్మా" అనే పిలిచారు. మొదటి పదేళ్ళు సరిదిద్దాను. తర్వాత ఓపిక లేక ఊరుకున్నాను.

నా పని ఏంటంటే, ఒంటి లోపల ఎక్కడో గడ్డ ఉంటుంది. అది మంచిదో చెడ్డదో తెలియాలంటే సన్నటి సూదితో అందులోంచి చిటికెడు ముక్క తియ్యాలి. గడ్డ బయటికి కనపడదు కాబట్టి సీటీ స్కాన్‌లో చూసుకుంటూ గుచ్చాలి. గుచ్చేది డాక్టరు. ఎక్కడ గుచ్చాలో, ఎంత లోతుకి పోవాలో, పోయిన సూది ఎక్కడ తేలిందో బొమ్మలో చూపించేది నేను. అద్దం వెనక గదిలో కూర్చుని మైకులో "ఊపిరి పీల్చి ఆపండి" అనే గొంతు నాది. మీ గొంతు కూడా రేపటినుంచి అదే. అందుకే రాస్తున్నాను.

బాపట్లలో పెద్ద డాక్టరు గారు

బాపట్లలో నా మొదటి యజమానిని అందరూ పెద్ద డాక్టరు గారు అనేవారు. నేనూ అలాగే అంటాను. ఆయన దగ్గర ఎవరో వాడి వదిలేసిన పాత సీటీ మిషను ఉండేది. ఒక్కో బొమ్మ తెరమీదికి వచ్చేలోపు మేం టీ తాగేవాళ్ళం. రోబోలు కాదు కదా, మంచి స్కేలు కూడా లేదు. సన్నటి ట్యూబులు ముక్కలు కోసి, ప్లాస్టరు మీద నిచ్చెన మెట్లలా అంటించి, ఆ పట్టీని పేషెంటు ఒంటిమీద వేసి స్కాన్ తీసేవాళ్ళం. ఏ మెట్టుకి ఎదురుగా గడ్డ ఉందో చూసుకుని, అక్కడ చర్మం మీద పెన్నుతో చుక్క పెట్టేదాన్ని. ఆ చుక్క దగ్గర ఆయన గుచ్చేవారు.

ఒకసారి కారంచేడు నుంచి ఒక రైతు వచ్చాడు. కాలేయంలో గడ్డ. చేతులు తలమీదికి పెట్టించి స్కాన్ తీశాను, చుక్క పెట్టాను. పాపం చేతులు నొప్పి పుడుతున్నాయంటే, దించుకోండి బాబాయ్ అన్నాను. పెద్ద డాక్టరు గారు వచ్చి చుక్క చూశారు, చేతులు చూశారు, సూది కింద పెట్టేశారు.

"చేతులు ఎప్పుడు దించాడు?"

"ఇప్పుడేనండి. నొప్పంటేనూ..."

ఆయన పేషెంటు చేతిని మెల్లగా పైకెత్తి మళ్ళీ దించారు. నా చుక్క పక్కటెముకల మీద రెండు వేళ్ళ దూరం అటూ ఇటూ నడిచింది. చర్మం ఎముకకి అతుక్కుని ఉండదని నాకు ఆరోజే తెలిసింది.

"చుక్క చర్మం మీద పెట్టావమ్మా. జబ్బు చర్మం మీద లేదుగా" అన్నారు. అంతే, ఒక్క మాట తిట్టలేదు. మళ్ళీ మొదటినుంచి స్కాన్ తీయించారు.

ఇంత మంచాయనకి ఊళ్ళో పొగరుబోతని పేరుండేది. కారణం, టేబుల్ మీద పడుకున్న మనిషితో ఆయన మాట్లాడేవారు కాదు. బయట వరండాలో అరగంటయినా కూర్చుని ఇంటి సంగతులన్నీ అడిగేవారు. స్టూలు లాక్కుని పక్కన కూర్చుని, పేషెంటుతో పాటు తనూ ఊపిరి పీలుస్తూ వదులుతూ పదిసార్లు అలవాటు చేయించేవారు. ఒకసారి టేబుల్ ఎక్కించాక మాత్రం ప్రశ్న అడగరు, అడిగినదానికి జవాబివ్వరు. భుజం మీద చెయ్యి వేసి రెండుసార్లు తడతారు. తట్టినప్పుడు ఊపిరి ఆపాలి.

"పాపం భయపడుతున్నారండి, ఒక్క మాట ధైర్యం చెప్పొచ్చుగా" అని ఒకరోజు నేనే అన్నాను.

"నేను మాట్లాడితే వాళ్ళు మాట్లాడతారమ్మా" అన్నారాయన.

ఇదేం సమాధానం అనుకున్నాను. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ మాట నాకు అర్థమయ్యేసరికి ఇంకో పాతికేళ్ళు పట్టింది.

రోబో, దాని నుదుట బొట్టు

తెనాలికి వచ్చాక మిషన్లు మారుతూ పోయాయి. నా సర్వీసు ఇంకో అయిదేళ్ళుందనగా రోబో వచ్చింది. రోబో అంటే మనిషిలా నడిచేదేమీ కాదు. స్కాన్ టేబుల్ పక్కన నిలబడే ఒక పెద్ద చెయ్యి. తెరమీద గడ్డ ఎక్కడుందో, సూది ఎక్కడినుంచి పోవాలో మేం గీస్తే, ఆ చెయ్యి కదిలి వచ్చి సరిగ్గా ఆ కోణంలో, ఆ చోట ఒక సన్నటి గొట్టం పట్టుకుని ఆగుతుంది. ఆ గొట్టంలోంచి డాక్టరు సూదిని లోపలికి తోస్తాడు. చెయ్యి వణకదు, అలసిపోదు, మధ్యలో టీకి వెళ్ళదు.

రబ్బరు బొమ్మ మీద పరీక్ష పెట్టినప్పుడు కళ్ళారా చూశాను, సూది మొన గీసినచోటికి వెంట్రుకవాసి తేడా లేకుండా వెళ్ళింది. నాకు చాలా సంతోషం వేసింది. ప్లాస్టరు నిచ్చెనలూ పెన్ను చుక్కలూ పోయాయి, ఇక తప్పనేది జరగదు అనుకున్నాను. రబ్బరు బొమ్మ ఊపిరి పీల్చదని అప్పుడు తట్టలేదు.

దసరాకి ఆయుధ పూజ చేశాం. మా ఆయా మార్తమ్మ చర్చికి వెళ్ళే మనిషే అయినా పూజ ఏర్పాట్లలో ఆమెదే పెత్తనం. దుగ్గిరాల యార్డు నుంచి మంచి పసుపు తెప్పించి, రోబో చేతికి ఉన్న తెల్లటి గోళీల్లో ఒకదానికి నిండుగా బొట్టు పెట్టింది. పైన ఉన్న కెమెరా ఆ గోళీలు చూసే చెయ్యి ఎక్కడుందో లెక్క కడుతుంది. మర్నాడు పొద్దున రోబో కదలనంది. కంపెనీ ఇంజనీరు పరుగెత్తుకొచ్చి, ఆ గోళీ మార్చి, తల బాదుకున్నాడు. "నుదురనుకున్నా సార్" అంది మార్తమ్మ. నెల రోజులు చెప్పుకుని నవ్వాం. ఒకటి మాత్రం నిజం, తనకి కనపడనప్పుడు ఆ మిషను ఆగిపోయింది. తెలిసినట్టు నటించలేదు. మనుషులం అంత నిజాయితీగా ఉండం.

మరి తప్పు ఎక్కడ దూరింది? పేషెంటు నడుముకి ఒక బెల్టు కడతాం. ఊపిరి ఎంత ఎత్తుకి పోయిందో అది తెరమీద గీతలా చూపిస్తుంది. ప్లాన్ గీసినప్పుడు ఊపిరి ఏ ఎత్తులో ఉందో, సూది దిగేటప్పుడు కూడా అదే ఎత్తులో ఉండాలి. లేకపోతే లోపల గడ్డ పైకో కిందికో జరుగుతుంది. గీత హద్దు దాటితే మిషను పసుపు లైటు వేసి ఆపేస్తుంది. మా దగ్గర అది పదే పదే ఆపేసేది. రేపల్లె వాళ్ళొచ్చినా, బాపట్ల వాళ్ళొచ్చినా ఆపేసేది. బయట బెంచీ మీద పదిమంది కూర్చుని ఉండేవారు. "ఈ హద్దు కొంచెం పెంచమనండి మేడం, ఇలాగయితే రోజుకి రెండు కేసులు కూడా అవవు" అన్నాడు మా డాక్టరు కార్తీక్. ఇంజనీరు ఎలా పెంచాలో చూపించాడు. బటను నొక్కింది నేనే. ఆ రోజునుంచి పసుపు లైటు పోరు తగ్గింది. అది ఎందుకు అన్నిసార్లు ఆపేదో ఆలోచించిన వాళ్ళు మాత్రం మాలో ఒక్కరూ లేరు.

మస్తాన్‌వలి అన్నయ్య

నా రిటైర్మెంటుకి మూడేళ్ళ ముందు రేపల్లె నుంచి మస్తాన్‌వలి అనే టైలరు వచ్చాడు. అరవై దాటిన మనిషి, సన్నగా ఉంటాడు. దగ్గు తగ్గడం లేదని స్కాన్ తీస్తే కుడి ఊపిరితిత్తి అడుగున, వీపు వైపు, బఠాణీ గింజంత గడ్డ కనపడింది. కాన్సర్ అయితే ఇప్పుడు తీసేయొచ్చు, ఆలస్యమైతే కుదరకపోవచ్చు. కాన్సర్ కాకపోతే ఆపరేషనే అక్కర్లేదు. అది తేల్చడానికే మా దగ్గరికి పంపారు. భార్య బీబీజాన్ కూడా వచ్చింది.

ఎక్స్‌రేలు ఒంటికి సోకకుండా వేసుకునే బరువైన లెడ్ ఏప్రన్‌తో నేను తిరుగుతుంటే ఆయన కళ్ళు నా భుజాల మీదే ఉన్నాయి.

"ఏంటి చెల్లెమ్మా, ఆ పట్టీ భుజంలోకి దిగబడిపోతంది. మెత్త పెట్టి కుట్టుకోవచ్చుగా?"

"కుట్టేవాళ్ళేరి అన్నయ్య గారూ?"

"ఎదురుగా టైలర్ని పెట్టుకుని ఆ మాటంటావేంటి? నేను కుట్టి తెస్తాగా" అన్నాడు. బీబీజాన్ నవ్వి, "ముందు నీ సంగతి చూసుకో" అంది.

బోర్లా పడుకోబెట్టాం. గట్టిగా ఊపిరి పీల్పించి ఆపించి స్కాన్ తీశాను. ప్లాన్ గీశాం. రోబో చెయ్యి వచ్చి నిలబడింది. కార్తీక్ లోపల సూది పట్టుకుని నా మాట కోసం చూస్తున్నాడు. నేను మైకులో అన్నాను.

"ఊపిరి గట్టిగా పీల్చి ఆపండి." ఒక క్షణం ఆగి, "ఆపారా అన్నయ్య గారూ?"

"ఆపానండి చెల్లెమ్మా."

"సార్, కానివ్వండి."

సూది దిగింది.

ఇప్పుడు ఈ మూడు మాటలు మళ్ళీ చదవండి. ఊపిరి ఆపిన మనిషి ఎలా మాట్లాడతాడు?

మన వైపు ఆసుపత్రిలో ఎవరైనా ఏదైనా అడిగితే జవాబు చెప్పకుండా ఉండటం పొగరు. టేబుల్ మీద సూది కింద పడుకున్నా సరే, "అలాగేనండి", "ఆపానండి", "పర్లేదండి" అనకుండా ఉండలేరు. పసుపు యార్డులో మూటలు మోసేవాళ్ళయినా, ఎకరాలున్న ఆసామి అయినా అంతే. అనేటప్పుడు కాస్త గాలి పోతుంది. గాలి పోతే గడ్డ పైకి జరుగుతుంది. గడ్డ నిమ్మకాయంత ఉంటే ఆ జరుగుడు లెక్కలోకి రాదు. అందుకే అన్నేళ్ళు మాకు గడిచిపోయింది. బఠాణీ గింజ దగ్గర గడవదు.

ఊపిరి గీత నా కళ్ళముందే తెరమీద ఉంది. గీతని చూడకుండా మనిషిని అడిగాను. అడగడం మర్యాద అనుకున్నాను. ఆయన జవాబివ్వడం మర్యాద అనుకున్నాడు. ఆ మర్యాదల మధ్య సూది గడ్డ కిందనుంచి పక్కకి పోయింది.

ఇదంతా ఆ నిమిషంలో తెలియలేదు. తెలిసింది ఒక్కటే. సూది దిగాక తీసిన స్కాన్‌లో పైనుంచి చూస్తే మొన గడ్డలో ఉన్నట్టే ఉంది. పక్కనుంచి చూసే బొమ్మ కూడా తీసి పెట్టుకున్నాను. అందులో మొనకీ గడ్డకీ మధ్య సన్నటి నల్లటి సందు కనపడింది.

"సార్, పక్కనుంచి ఒకసారి చూడండి" అన్నాను మైకులో. మెల్లగానే అన్నాను, పేషెంటు వింటాడని.

"రోబో ప్లాన్ ప్రకారమే వెళ్ళింది మేడం. లోపలే ఉంది. ఇంకోసారి గుచ్చితే ఊపిరితిత్తికి చిల్లు పడుద్ది" అన్నాడు కార్తీక్. అతని భయం అబద్ధం కాదు. ముక్క తీసేశాడు.

ఒకసారి చెప్పాను. రెండోసారి చెప్పలేదు. బెంచీ మీద జనం ఉన్నారు, అతను డాక్టరు, నేను టెక్నీషియన్ని. ఇవన్నీ కారణాలే. వీటిలో ఏ ఒక్కటీ మస్తాన్‌వలికి పనికొచ్చేది కాదు.

భుజం పట్టీలు

వారానికి రిపోర్టు వచ్చింది. కాన్సర్ కణాలు కనపడలేదు, ఉన్నదంతా మామూలు ఊపిరితిత్తి కండే అని రాశారు. ఈ మాటని బాగా చదవడం నేర్చుకోండి. గడ్డలోంచి తీసిన ముక్కలో కాన్సర్ లేకపోతే అది శుభవార్త. గడ్డలోంచి తియ్యనే తియ్యకపోతే అది వార్తే కాదు. "లేదు" అనడం వేరు, "మాకు దొరకలేదు" అనడం వేరు. కాయితం మీద రెండూ ఒకేలా కనపడతాయి. కార్తీక్ మూడు నెలల తర్వాత మళ్ళీ స్కాన్‌కి రమ్మని రాసి పంపాడు.

రిపోర్టు తీసుకోవడానికి మస్తాన్‌వలి ఒక్కడే వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. సంచీలోంచి రెండు మెత్తటి భుజం పట్టీలు తీశాడు, నీలంరంగు గుడ్డ, లోపల దూది, గుండీలు కూడా పెట్టాడు. తనే నా ఏప్రన్‌కి తొడిగాడు.

"కొలత లేకుండా ఎలా కుట్టారండీ ఇంత సరిగ్గా?"

"చూపు కొలత. టేపు పెట్టి తీసినా నేను ఊరకే తియ్యను చెల్లెమ్మా. కొలతకి నిలబెట్టగానే మనిషి పొట్ట లోపలికి లాగి ఊపిరి బిగబడతాడు. ఆ కొలతకి కుట్టామా, చొక్కా బిగుసుకుపోద్ది. అందుకని మాటల్లో పెడతా. ఏ ఊరు, ఏం కూర, అంటా. జవాబు చెప్పడానికి నోరు తెరిస్తే బిగబట్టిన ఊపిరి వదిలేస్తాడు. అప్పుడు టేపు చూస్తా. నీకేం తెలుసులే, నలభై ఏళ్ళ రహస్యం" అని నవ్వాడు.

నవ్వుతూనే తలూపి ఆయన్ని పంపించాను. గదిలోకి వచ్చి తలుపు వేసుకుని, ఆ రోజు కేసు తెరమీద తెరిచాను. ఊపిరి గీత చూశాను. పైకి లేచింది, నిలబడింది, ఆ తర్వాత చిన్నగా దిగింది. దిగినచోట సూది దిగిన టైము ఉంది. నేను అడిగిన టైము కూడా అదే. పెంచిన హద్దులో ఆ దిగుడు ఇమిడిపోయింది కాబట్టి లైటు వెలగలేదు.

పెద్ద డాక్టరు గారి మాట అప్పుడు అర్థమైంది. "నేను మాట్లాడితే వాళ్ళు మాట్లాడతారమ్మా." చెంప మీద కొట్టినట్టయింది నాకు.

అయిదు వారాలు

తెలిసిన మర్నాడే చెప్పి ఉంటే ఈ వ్యాసం ఇక్కడితో అయిపోయేది. నేను చెప్పలేదు.

కార్తీక్‌కి గీత చూపించాను. అతను చాలాసేపు చూసి, "మూడు నెలలకి ఎలాగూ స్కాన్ ఉంది కదా మేడం, పెరిగితే అప్పుడు చూద్దాం" అన్నాడు. వినడానికి పద్ధతిగానే ఉంది. ఆ నీడలో నేనూ కూర్చున్నాను. ఇంకోసారి అడిగితే, "పేషెంటుకి ఏమని చెబుతాం?" అన్నాడు. నిజంగా మా ఇద్దరి భయం అదే. గడ్డ పెరుగుతుందేమోనన్న భయం కంటే, తప్పిపోయాం అని నోటితో అనాల్సి వస్తుందన్న భయమే పెద్దదైపోయింది. సిగ్గుపడుతూ రాస్తున్నాను, కానీ ఇదే నిజం.

రోజూ ఏప్రన్ వేసుకునేదాన్ని. భుజాలకి హాయిగా ఉండేది. ఆ హాయే నన్ను తినేసేది. పట్టీలు విప్పి డ్రాయరులో పెట్టాను, రెండు రోజులకి మళ్ళీ తొడిగాను. అయిదు వారాలు ఇలా గడిపాక, ఒక ఆదివారం పొద్దున తెనాలిలో రేపల్లె బండి ఎక్కాను.

ఆయన షాపు రైలుపేటలో ఉంది. స్కూళ్ళు తెరిచే రోజులు, ఎటు చూసినా యూనిఫారం గుడ్డలు. ఆయన మిషను తొక్కుతున్నాడు, బీబీజాన్ కాజాలు కుడుతోంది.

"రా చెల్లెమ్మా! ఏంటిలా, చెప్పకుండా వచ్చేశావ్? బీబీ, టీ పెట్టించు."

"టీ వద్దన్నయ్య గారూ. ముందు నే చెప్పేది వినండి. ఆ రిపోర్టులో ఏమీ లేదని రాసింది మీ గడ్డ గురించి కాదు. పక్కనున్న మంచి కండ గురించి. సూది గడ్డలోకి వెళ్ళలేదు."

మిషను ఆగింది.

"ఎందుకెళ్ళలేదు? ఆ మరచెయ్యి అంత కరెక్టని చెప్పారుగా?"

"చెయ్యి కరెక్టుగానే పట్టుకుంది. నేనే మిమ్మల్ని ఆపారా అని అడిగాను. మీరు ఆపానన్నారు. అనేటప్పుడు ఊపిరి పోయింది. అడక్కూడదు నేను. తప్పు నాది."

ఆయనకి నేను వివరించాల్సిన పని లేకపోయింది. టేపు మెడలోనే ఉంది. దాన్ని చేత్తో పట్టుకుని అడిగాడు.

"మీకెప్పుడు తెలిసింది?"

"మీరు పట్టీలు తెచ్చిన రోజే."

బీబీజాన్ కాజా కుడుతున్న చొక్కా ఒళ్ళోంచి జారిపోయింది. "ఈయన రోజూ దగ్గుతుంటే నేనే తిట్టేదాన్నమ్మా. రిపోర్టులో ఏమీ లేదుగా, ఊరికే దగ్గుతావేంటని. మీకు తెలిసి ఇన్ని రోజులు..." అని ఆపేసింది.

క్షమించమన్నాను. ఆయన లేచి, టేపు తీసి మేకుకి తగిలించి అడిగాడు.

"ఎప్పుడు రమ్మంటారు మేడం గారూ?"

తిరుగు బండిలో ఆ "మేడం గారూ" చెవిలో మోగి ఏడుపొచ్చింది. నాకు ఏడ్చే హక్కు లేదనిపించింది. అయినా తెనాలి దాకా ఏడుస్తూనే ఉన్నాను.

రెండోసారి

మర్నాడు పొద్దున్నే కార్తీక్‌కి చెప్పేశాను, నేను వెళ్ళి చెప్పొచ్చానని. కోప్పడతాడనుకున్నాను. కుర్చీలో కూలబడి, "నేను వెళ్ళాల్సింది మేడం" అన్నాడు. మస్తాన్‌వలి వచ్చినప్పుడు ఎదురెళ్ళి, "మొదటిసారి మేం తప్పిపోయామండి, ఈసారి జాగ్రత్తగా చేస్తాం" అని మొహమ్మీదే చెప్పాడు. అతన్ని చెడ్డవాడిగా రాయడం నాకు తేలిక. కానీ చదువుకున్న డాక్టరు ఒక టైలరు ముందు నిలబడి ఆ మాట అనడం నేను అంతకుముందు చూడలేదు.

హద్దు మళ్ళీ తగ్గించాను. గట్టిగా పీల్చడం మానేశాం. ఎంత గట్టిగా పీలుస్తారన్నది ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది, మామూలుగా వదిలేసినప్పుడు ఆగేచోటు మాత్రం దాదాపు మారదు. టేపు చూసేటప్పుడు మస్తాన్‌వలి కనిపెట్టింది కూడా ఇదే. నేను బయట బెంచీ మీద ఆయన పక్కన కూర్చుని, ఇద్దరం కలిసి పీలుస్తూ వదులుతూ పదిసార్లు అలవాటు చేశాం. వదిలి ఆపగానే వేలెత్తమన్నాను.

"నేనేం అడగను. మీరేం చెప్పొద్దు. ఏదైనా ఇబ్బందయితే చెయ్యి మొత్తం ఎత్తండి, అంతే."

"అలాగేనండి మేడం."

టేబుల్ మీద మిషను మూడుసార్లు పసుపు లైటు వేసి ఆపేసింది. మూడుసార్లూ ఆగాం. బయట జనం విసుక్కున్నారు, విసుక్కోనిచ్చాం. నాలుగోసారి "వదిలి ఆపండి" అని మైకు కట్టేశాను. తెరమీద గీత సాపుగా పడుకుంది. అద్దంలోంచి ఆయన వేలు లేవడం కనపడింది. నేను గీతని చూసి కార్తీక్‌కి చెయ్యి ఊపాను. సూది దిగింది. పైనుంచి చూశాం, పక్కనుంచి చూశాం, మొన గడ్డ నడిమధ్యలో ఉంది.

నాలుగు రోజులకి రిపోర్టు వచ్చింది. కాన్సర్.

గుంటూరులో ఆపరేషన్ అయింది. అక్కడి సర్జన్‌ని అడిగాను, ఈ అయిదు వారాల్లో ఏమైనా తేడా వచ్చి ఉంటుందా అని. "చెప్పలేమమ్మా" అన్నాడు. వచ్చిందంటే తట్టుకునేదాన్ని, రాలేదంటే నిద్రపోయేదాన్ని. చెప్పలేమన్న మాటతోనే బతుకుతున్నాను.

మీకు చెప్పేది

నాకు చాలా అలసటగా ఉంది, కాబట్టి చిన్నగానే చెబుతాను. మీ చేతికొచ్చే మిషను నా మిషను కంటే ఇంకా బాగుంటుంది. గీసినచోటికి సూదిని పంపడం దాని పని, అది చేస్తుంది. గీసినప్పటి మనిషీ గుచ్చేటప్పటి మనిషీ ఒకేలా ఉన్నాడా అన్నది మీరు చూడాలి. మిషను పదే పదే ఆగుతుంటే హద్దు పెంచకండి, ఎందుకు ఆగుతోందో కనుక్కోండి. పక్కనుంచి తీసిన బొమ్మలో సందు కనపడితే రెండోసారి చెప్పండి, మూడోసారి అరవండి. తప్పిపోతే ఆరోజే చెప్పండి. ప్రేమగా మాట్లాడాలనిపిస్తే బెంచీ మీద మాట్లాడండి. టేబుల్ మీద మాట్లాడకండి.

ఆఖరి రోజు

నేను రిటైరైన రోజు మధ్యాహ్నం శాలువాలు, కేకు పెట్టుకున్నారు. పొద్దున మామూలు లిస్టే. లిస్టులో మూడో పేరు మస్తాన్‌వలి. ఆరు నెలలకోసారి వచ్చే స్కాన్. ఎప్పటిలాగే బీబీజాన్ వెంట వచ్చింది. ఆయన ఇప్పుడు మిషను తొక్కలేడు, ఆయాసం వస్తుంది. తొక్కేది ఆమే. ఈయన కొలతలు తీస్తాడు.

ఆ నీలం పట్టీలున్న ఏప్రన్ పక్కన మేకుకి వేలాడుతోంది. ఆయన చూశాడు. గుడ్డ కాస్త వెలిసింది.

"ఊపిరి వదిలి ఆపండి అన్నయ్య గారూ" అన్నాను మైకులో. వేలు లేచింది. గీత సాపుగా ఉంది. నా సర్వీసులో అంత కుదురుగా ఊపిరి ఆపిన పేషెంటు ఇంకొకరు లేరు.

బొమ్మలు అటూ ఇటూ తిప్పి చూశాను, కార్తీక్ కూడా చూశాడు. శుభ్రంగా ఉంది. లోపలికి వెళ్ళి ఆయన్ని లేపి కూర్చోబెట్టాను.

"ఏమీ లేదన్నయ్య గారూ. ఈసారి నిజంగానే లేదు. రెండు వైపులనుంచీ చూశాం."

"మంచిదండి" అన్నాడు.

"నేను ఇవాళే రిటైరవుతున్నాను. వచ్చేసారి వేరే అమ్మాయి ఉంటుంది. అంతా చెప్పిపెట్టాను."

ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ నా వైపు చూశాడు. ఏదో అనబోయినట్టే అనిపించింది. నేనేమీ అడగలేదు, ఊరికే నిలబడ్డాను. చెప్పులు తొడుక్కుని, తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి నమస్కారం పెట్టాడు.

"ఆరోగ్యం జాగ్రత్త, మేడం గారూ."